పందిటి వారి మూలపురుషుడు

మా పెదనాన్న కొడుకు రమణయ్యన్న ఈ వేసవిలో నెల్లూరులో మా ఇంటికి వచ్చాడు. ఆయన ఊరికే ఎవరింటికీ రాడు, ఉత్తి చేతులతోనూ రాడు. అలాగని మనకేమైనా తెస్తాడని ఆశపడకూడదు. తెచ్చినదాన్ని మనచేత పొగిడించుకుని మళ్ళీ కారులో పెట్టుకుని పోతాడు. ఒకసారి తన రొయ్యల గుంటల ఫోటోలు తెచ్చి ఒక్కొక్కటీ నా కళ్ళద్దాలకు ఆనించి చూపించాడు. ఇంకొకసారి ఎవరో నాయకుడు తన భుజం మీద చెయ్యి వేసిన ఫోటోని నిలువెత్తు పటం కట్టించి, కారులో పట్టకపోతే పైన తాళ్ళతో కట్టి మరీ తెచ్చాడు. ఈసారి చంకలో ఒక అట్టపెట్టె ఉంది. మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, పెట్టె విప్పి అందులోంచి మా వంశాన్ని బయటికి తీశాడు.

లావుపాటి పుస్తకం. ఇంకా అచ్చుకి పోలేదు, నమూనా ప్రతి. పేరు 'పందిటి వారి వంశ వైభవం'. అట్ట మీద తలపాగా, కోరమీసాలు, నడుముకి కత్తి ఉన్న ఒకాయన గుర్రం పక్కన నిలబడి మనవైపు ఉరిమి చూస్తున్నాడు. మా ఇళ్ళలో గుర్రం ఉండిందని నేనెప్పుడూ వినలేదు. ఎనుములుండేవి, మేకలుండేవి.

"ఎవరన్నా ఈయన?" అన్నాను.

"మన మూలపురుషుడు మే. పందిటి వీరభద్రయ్య."

"ఎవరు చెప్పినారు?"

"మన లెక్చరర్ సారు శోధన చేసి తీసినాడు. రాజులు సముద్రం చూడను వచ్చినప్పుడు మన తీరంలో పట్టు పందిరి వేసినారంట. ఆ పందిరికి కావలి కాసిన దళపతి ఈయన. అందుకనే మనం పందిటోళ్ళమైనాం."

"ఏ రాజు?"

"రాజంటే రాజే గదమ్మే. నీకన్నీ సందేహాలే."

ఈ మధ్య మా తీరంలో మట్టి మోసినవాడి మనవడు ఒక్కడూ మిగల్లేదు. ఎవరిని కదిపినా దళపతి మనవడో, కోట తాళాలు పట్టుకున్నవాడి మునిమనవడో అవుతున్నాడు. అందరూ దళపతులే అయితే వాళ్ళ కింద నిలబడి యుద్ధం చేసినవాళ్ళెవరో, చేసినవాళ్ళకి అన్నం వండినవాళ్ళెవరో చెప్పేవాళ్ళు లేరు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ముందు ఇల్లు మారుస్తారు, తరవాత కారు మారుస్తారు, ఆ తరవాత తాతని మారుస్తారు. మొదటి రెండూ వాళ్ళ సొంత విషయం. మూడోది మాత్రం అందరి తాతా కదా.

పుస్తకం మధ్యలో వంశవృక్షం ఉంది. పేరుకి తగ్గట్టు నిజంగానే చెట్టు బొమ్మ వేయించారు. వేళ్ళ దగ్గర మీసాలాయన కూర్చున్నాడు. కొమ్మకొమ్మకీ మగవాళ్ళు. రమణయ్యన్న కొమ్మకి ఆకులు కూడా ఎక్కువ, పువ్వులు కూడా పూయించుకున్నాడు. మా నాయన పేరు ఒక పక్క రెమ్మ మీద ఉంది. అక్కడితో ఆ రెమ్మ ఆగిపోయింది, మేక కొరికి వదిలేసినట్టు. మా నాయనకి నేనొక్కదాన్నే బిడ్డని.

"నేనెక్కడన్నా దీంట్లో?"

"ఆడబిడ్డలు వేరే ఇంటికి పోతారు గదమ్మే. మిమ్మల్నందర్నీ వేస్తే చెట్టు గజిబిజి అయిపోతాదన్నాడు సారు. అది సరే గానీ, నువ్వు పుస్తకాలు రాసినదానివి. ఈ భాష కొంచెం సర్ది పెట్టు. అట్టనే ఒక ముందుమాట రాయి."

చెట్టులో చోటు లేదు గాని చెట్టుకి నీళ్ళు పొయ్యడానికి పనికొస్తాను. నేను నవ్వాను. నా నవ్వుని ఆయన ఒప్పుకోలుగా తీసుకున్నాడు. ఎదుటివాళ్ళు తనని చూసి నవ్వుతారన్న ఆలోచనే ఆయనకి పుట్టుకతో లేదు. పోతూపోతూ అసలు సంగతి చెప్పాడు. ఊళ్ళో పాత ఇల్లు పడగొట్టించాడట. ఆ స్థలంలో మూలపురుషుడి విగ్రహం పెట్టిస్తున్నాడట. పెద్దల అమావాస్యనాడు ఆవిష్కరణ. పెద్ద నాయకుడు వస్తాడు. నేను తప్పకుండా రావాలి, మంచి చీర కట్టుకుని రావాలి.

ఇల్లు పడగొట్టించానని ఆయన మజ్జిగ బాగుందని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. కారు వీధి మలుపు తిరిగిందాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను. కోపం వచ్చింది. ఆ ఇంటి మీద నాకు ఏ హక్కూ లేదని తెలుసు, అయినా వచ్చింది.

మా ఊరు కృష్ణపట్నానికి ఎగువన, బకింగ్‌హాం కాలువకీ సముద్రానికీ నడుమ ఇసకలో ఉంటుంది. ఆ కాలువకి మా ఊళ్ళో పేరు లేదు. కాలువ అంటే అదే. మా ఇల్లు గట్టుకి ఆనుకుని ఉండేది. పొద్దున లేస్తే ఒక పక్కనుంచి సముద్రం మోత, ఇంకో పక్కనుంచి పడవ లాగేవాళ్ళ అరుపులు. సరుగుడు ఆకు పొయ్యిలో పెడితే వచ్చే పొగ కొంచెం తియ్యగా, కొంచెం వగరుగా ఉంటుంది. ఆ పొగ, పాత పులుసు కుండ వాసన, వానకు తడిసిన తాటాకు వాసన, ఈ మూడూ కలిస్తే అది మా జేజి. నాయన తల్లిని మేము జేజి అంటాం. నీలం గళ్ళ నేతచీర, చెవులకి బరువైన కమ్మలు, దవడన ఎప్పుడూ ఒక పొగాకు ముక్క. మనిషి పొట్టి, నోరు పెద్దది. నాకీ నోరు ఎక్కడినుంచి వచ్చిందని మా అత్తగారింట్లో చాలాకాలం ఆశ్చర్యపోయారు. ఆమెను చూసి ఉంటే ఆశ్చర్యపోయేవాళ్ళు కాదు.

ఇల్లు పెంకుటిల్లే అయినా, ఇంటి ముందు నాలుగు రాటలు పాతి తాటాకు పందిరి ఉండేది. ఏడాదికొకసారి ఆకు మార్చాలి. కొత్తాకు కప్పిన రోజున జేజి పండగలాగా తలంటుకునేది. అన్నం గాని సంగటి గాని దించగానే తొలి గరిటె ఇంట్లోవాళ్ళకి పెట్టేది కాదు. ఒక మూకుడులో వేసి, మీద పులుసు పోసి పందిట్లో పెట్టేది. ఉప్పు పడవల్ని, కట్టెల పడవల్ని లాగేవాళ్ళు గట్టు మీద నడుచుకుంటూ వచ్చి, తాడు మా రాటకి చుట్టి, పందిట్లో కూలబడేవాళ్ళు. తాడు ఒరుసుకుని ఒరుసుకుని వాళ్ళ భుజాల మీద చర్మం చెప్పు తోలులాగా ఉండేది. జేజి వాళ్ళని పేరు అడగదు, ఊరు అడగదు. "కూడు తిన్నావా నాయనా?" అని ఒక్కటే అడిగేది. తినలేదంటే మూకుడు ముందుకి జరిపేది. తిన్నామంటే మజ్జిగ పోసేది. వాళ్ళు పోతూ పోతూ గుప్పెడు ఉప్పో, నాలుగు కట్టెలో రాట మొదట్లో పెట్టిపోయేవాళ్ళు. పెట్టకపోయినా జేజి చూసేది కాదు.

ఇది మా పెదనాన్నకి, అంటే రమణయ్యన్న తండ్రికి, తల కొట్టేసినట్టుండేది. ఆయన ఊరికి పెద్దమనిషి కావాలని పుట్టినవాడు. చేతులున్న కుర్చీ ఒకటి చేయించుకుని, పడవవాళ్ళు రాకుండా సరిగ్గా పందిరి మధ్యలో వేయించుకుని కూర్చునేవాడు. జేజి ఆ కుర్చీ చుట్టూ మూకుళ్ళు పెట్టేది. ఆయన కాళ్ళ దగ్గరే పడవవాళ్ళు జుర్రుకుంటూ తినేవాళ్ళు. ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి, "పందిటోళ్ళని మీకా పేరు ఎందుకొచ్చినాదండీ?" అని అడిగితే మీసం దువ్వుకుని, "మా ఇంట్లో పెళ్ళి పందిరి తీసిన రోజు లేదండీ" అనేవాడు. లోపలినుంచి జేజి వినేది. విని, అందరికీ వినపడేలా పొగాకు ఉమ్మేది.

తండ్రి పెళ్ళి పందిరి దగ్గర ఆగాడు. కొడుకు రాజుగారి పట్టు పందిరి దాకా పోయాడు. మనవడు ఇంద్రసభ దాకా పోతాడు, అనుమానం లేదు.

నిజంగా ఆ పేరు ఎందుకొచ్చిందో నాకు జేజి చెప్పింది. కూర్చోబెట్టి చెప్పిన కథ కాదు. పెద్దల అమావాస్యనాడు బట్టలు పెడుతూ, చేతులాడిస్తూ చెప్పింది. పోయిన పెద్దలకి ఆ రోజు కొత్త బట్టలు పెట్టడం మా వైపు అందరిళ్ళలో ఉన్నదే. మగవాళ్ళకి పంచె, ఆడవాళ్ళకి చీర. మా ఇంట్లో మాత్రం వంటింటి నైరుతి మూల పేడతో అలికి, పీట వేసి, అందరికన్నా ముందు ఒక చీర పెట్టేవాళ్ళు. పట్టుచీర కాదు, జేజి కట్టుకునేలాంటి నీలం గళ్ళ నేతచీర. దాని పక్కన ఒక తుండుగుడ్డ. ఆ తరవాతే తాతల పంచెలు, నాయనమ్మల చీరలు వరసగా.

"తాతలకి ముందు పెట్టరా జేజీ?" అని అడిగాను.

"తాతలు యాడినించి వచ్చినారు? చెంగమ్మ కడుపులోంచి గదా. ఆమెకి ముందు."

చెంగమ్మ మొగుణ్ణి పోగొట్టుకుని, కరువుకి తాళలేక, దక్షిణం నుంచి సముద్రం వెంబడి నడిచొచ్చిందట. వెంట ఒక కుండ తప్ప ఏమీ లేదట. అప్పుడిక్కడ ఊరు లేదు. కాలువ తవ్వుతున్నారు. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి మట్టి మోస్తున్నారు. వాళ్ళకి కూలి దొరికేది గాని, ఆ ఎండలో కూర్చోడానికి నీడ దొరికేది కాదు, వండిపెట్టే దిక్కు లేదు. చెంగమ్మ నాలుగు కొయ్యలు పాతి, తాటాకు కప్పి, కుండ పొయ్యి మీద పెట్టింది.

"మట్టి మోసేవోళ్ళు తట్టలు దించి, పందిటి కాడికి పోదాం పా అనుకునేవోళ్ళంట," అంది జేజి. "అట్ట ఆమె పందిటి చెంగమ్మైనాది. ఆమె బిడ్డలు పందిటోళ్ళైనారు. కాలవ అయిపోయినాది, తవ్వినోళ్ళు ఎవురి దోవన వాళ్ళు పోయినారు. ఆమె పోలా. ఇంక పడవలొస్తాయి గదా, లాగేవోళ్ళకి ఆకలి గాదా అనిందంట."

"మరి తుండుగుడ్డ ఎవరికి?"

"ఆమె ఈడ కట్టుకున్న మొగుడికి. మట్టి మోసేవోడు. ఒకరోజు కూడు తినను వచ్చి ఉండిపోయినాడు."

"ఆయన పేరేంది?"

జేజి కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "ఏమో మే. చెంగమ్మ మొగుడు అంటారు."

"ఆయనకి పంచె పెట్టకూడదా?"

"వచ్చినప్పుడు ఒంటి మీద తుండుగుడ్డే ఉండిందంట. అదే పెడతాం. పంచె పెడితే తనది గాదనుకుని పోతాడు."

ఆ పెట్టిన బట్టలకి ఒక కట్టుబాటు ఉంది. సాయంత్రం దీపం కొండెక్కిందాకా వాటిని కదపకూడదు. తరవాతైనా ఇంటి కొడుకులు ముట్టుకోకూడదు, ఇంటి ఆడబిడ్డే తీయాలి. కొడుకు చెయ్యి వేస్తే చెంగమ్మ పందిరిని వాడే ఎత్తి పారేసినట్టట. మా ముత్తాతెవరో ఒకసారి తొందరపడి తీస్తే, ఆ ఏటి గాలివానకి పందిరితో పాటు ఇంటి కప్పు కూడా కాలువలో పడిందని చెప్పుకునేవాళ్ళు. అందులో నిజమెంతో నాకు తెలియదు. మా పెదనాన్నంతటి పెద్దమనిషి కూడా ఆ రోజంతా వంటింటి వైపు రాకుండా దొడ్డిదారిన తిరిగేవాడన్నది మాత్రం నేను కళ్ళారా చూసిందే. రమణయ్యన్న అయితే ఆ చీరని చూస్తేనే జ్వరం తెచ్చుకునేవాడు. తీసేది మా మేనత్త సుబ్బమ్మ. ఒక్కోసారి నన్ను పిలిచి నాచేత తీయించేది. మడతల మీద సాంబ్రాణి వాసన వేసేది.

జేజి పోయాక పందిరి పోయింది. పెదనాన్న మొదటి పని అదే చేశాడు. రాటలు పీకించి ఆ చోట సిమెంటు అరుగు వేయించాడు. తరవాత లారీలు వచ్చాయి, పడవలు పోయాయి, కాలువ పూడి కంపచెట్లు మొలిచాయి. తాడు చుట్టడానికి వచ్చేవాళ్ళూ లేరు. కాని చీర మాత్రం ఆగలేదు. సుబ్బమ్మత్తని ఇచ్చింది అదే ఊళ్ళో. ఎనభై దాటిన మనిషి, ఏటా పెద్దల అమావాస్యకి నడుం పట్టుకుని పుట్టింటి వంటింట్లోకి పోయి, ఆ మూల అలికి, చీర పెట్టి వచ్చేది. తన ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అంటే ఒప్పుకోదు. మొగుడి ఇల్లు మొగుడి పెద్దలది, అక్కడికి చెంగమ్మ ఎందుకు వస్తుంది?

రమణయ్యన్న వచ్చిపోయిన కొన్నాళ్ళకి అత్త ఫోను చేసింది. ఆమెకి ఫోన్లో మాట్లాడడం ఇష్టం ఉండదు. మాట్లాడితే అరిచి మాట్లాడుతుంది. ఆ రోజు గొంతు లేవలేదు.

"ఇల్లు పడేసినాడు మే వాడు. మూల గూడా లేదు. ఈ ఏడు చెంగమ్మకి యాడ పెట్టేది?"

"అన్ననే అడక్కపోయినావా అత్తా?"

"అడిగినా. ఈడ పెద్దోళ్ళు వస్తుండారత్తా, ఆ గళ్ళ చీర తెచ్చి పరువు తీయబాకంటాడు. వీరభద్రయ్యకి పట్టు పంచె పెట్టిస్తుండాడంట. ఎవురే ఆ వీరభద్రయ్య? మా అమ్మ ఎప్పుడన్నా ఆ పేరు చెప్పినాదా నీకు?"

"లేదత్తా."

"నాకు పెద్ద భయమేం లేదు మే. నేను గూడా రేపో మాపో పోయేదాన్ని. ఆమె వస్తాది గదా, వచ్చి తన చీర వెతుక్కుంటాది. కనపడకపోతే, ఇల్లు మారిపోయినాది, మనోళ్ళు గాదు ఈళ్ళు, అని యనక్కి పోతాది. యాడికి పోతాది చెప్పు?"

నాకు దేవుడి మీదే అంతంత మాత్రం నమ్మకం. పోయినవాళ్ళు అమావాస్యకి వచ్చి బట్టలు చూసుకుంటారని అసలే నమ్మను. అయినా ఆమె అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. చెంగమ్మ ఎక్కడికి పోతుంది? ఎండలో ఒంటరిగా నిలబడి, కొయ్యలు పాతి, ఇంతమందికి పేరిచ్చిన మనిషికి, ఆ పేరు పెట్టుకుని మీసాలు దువ్వుకునేవాళ్ళ మధ్య పీట వేసేంత చోటు లేకుండా పోయింది. నాకు ఏడుపు వచ్చింది. ఏడుపు కన్నా అసహ్యం ఎక్కువ వచ్చింది.

అమావాస్యనాడు పొద్దున్నే పోయాను. మంచి చీర కట్టుకోలేదు. ఇల్లున్న చోట పాలరాతి దిమ్మె, దాని మీద విగ్రహం. విగ్రహం అంత త్వరగా ఎలా వచ్చిందో రమణయ్యన్నే గర్వంగా చెప్పాడు. శిల్పి దగ్గర ఎవరో నాయకుడి కోసం చేసి, వాళ్ళు వద్దనుకున్న బొమ్మ ఒకటి పడి ఉందట. తల మార్చి, తలపాగా పెట్టి, ఎడమచేతికి కత్తి అతికించారు. కుడిచెయ్యి మార్చడానికి వీల్లేక అలాగే ఉంచారు. అందుకని మా మూలపురుషుడు, సభలో ఉపన్యాసం ఇస్తున్నట్టు చూపుడు వేలు పైకెత్తి ఉన్నాడు.

"ఆ వేలెందుకన్నా?"

"శత్రువు అటుండాడని చూపిస్తుండాడు," అన్నాడు రమణయ్యన్న తడుముకోకుండా. వేలు చూపించే వైపు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు తప్ప ఏమీ లేవు.

పైన షామియానా వేశారు. ఎర్రగుడ్డ, ప్లాస్టిక్ పూలు. పందిటి వారి స్థలంలో అద్దె పందిరి. కింద పెద్దవాళ్ళకి సోఫాలు, చుట్టాలకి కుర్చీలు. ఆ షామియానా కట్టినవాళ్ళూ, గుంటల దగ్గర పనిచేసే ఒరిస్సా కుర్రవాళ్ళూ, ఎండలో రోడ్డు పక్కన నిలబడ్డారు. నెల్లూరు నుంచి వచ్చిన బిర్యానీ వెనకాల గిన్నెల్లో మూతలు పెట్టి ఉంది. నాయకుడు తిన్నాకే మిగతావాళ్ళకి అని చెప్పారు. మా ఇంట్లో తొలి గరిటె ఎటు పోయేదో, ఇప్పుడెటు పోతోందో చూడడానికి నేను కుర్చీలోంచి కదలక్కర్లేకపోయింది.

పురోహితుడు మంత్రాలు చదివాడు. రమణయ్యన్న పట్టు పంచె, కండువా వెండి పళ్ళెంలో పెట్టి విగ్రహం పాదాల దగ్గర ఉంచాడు. వీడియో తీసేవాడు సరిగ్గా పడలేదంటే తీసి మళ్ళీ పెట్టాడు. అప్పుడు వచ్చింది సుబ్బమ్మత్త. చేతిలో చిన్న ఇత్తడి చెంబు, చంకలో గుడ్డసంచి. ఎవరితోనూ మాట్లాడలేదు. దిమ్మె ముందు నేల మీద నీళ్ళు చల్లి, కాసేపు నిలబడి కిందా మీదా చూసింది. దిక్కులు చూసుకుంటోందని నాకు అర్థమైంది. వంటింటి నైరుతి మూల ఎక్కడుండేదో కొలుచుకుంటోంది. ఆ చోట సరిగ్గా విగ్రహం నిలబడి ఉంది.

నాయకుడు దండ వెయ్యడానికని పక్కనే ఇనప మెట్లు పెట్టి ఉంచారు. అత్త రోడ్డు పక్కనున్న కుర్రవాళ్ళలో ఇద్దర్ని చెయ్యి ఊపి పిలిచింది. వాళ్ళు పరుగెత్తుకొచ్చి చెరో పక్కా పట్టుకున్నారు. రమణయ్యన్న అప్పుడు ఫోన్లో ఉన్నాడు, నాయకుడి కారు ఎంతదాకా వచ్చిందో కనుక్కుంటూ. అత్త మెట్లెక్కి సంచిలోంచి నీలం గళ్ళ చీర తీసింది. తొందరపడలేదు. కొంగు తలపాగా మీదుగా కప్పింది, రెండో అంచు కత్తి చుట్టూ తిప్పి నడుం దగ్గర దోపింది. ముసుగులోంచి మీసాలు మాత్రం బయటికి కనపడుతున్నాయి. తరవాత ఒక తుండుగుడ్డ తీసి ఎత్తి ఉన్న చూపుడు వేలికి తగిలించింది. దిగి, చీరకట్టుకున్న మూలపురుషుడికి దణ్ణం పెట్టి, దీపం వెలిగించింది.

మా చుట్టాలందరికీ ఆ చీర తెలుసు. ఒక్కొక్కరూ చిన్నప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసినవాళ్ళే. రమణయ్యన్న ఫోను దించి చూశాడు.

"ఏంది అత్తా ఇది! సారు వచ్చేస్తుండాడు! తియ్యి!"

"దీపం కొండెక్కినాక గదరా తీసేది," అంది అత్త.

ఆయన కుర్రవాళ్ళ మీద అరిచాడు. ఆ భాష తమకి రాదన్నట్టు వాళ్ళు చూశారు. ఆయనే మెట్ల దగ్గరికి పోయి ఒక మెట్టెక్కాడు. అక్కడ ఆగాడు. చెయ్యి చాచాడు, చీర అంచుదాకా పోయిన చెయ్యి వెనక్కి వచ్చింది. దళపతి మనవడు చెమట తుడుచుకుంటూ మెట్టు దిగాడు. ఇన్ని గుంటలు తవ్వించి, ఇన్ని లారీలు తిప్పి, ఒక రాజవంశాన్నే పుట్టించిన మనిషి ఒక నేతచీరకి భయపడ్డాడు. ఆయన నాకు మొదటిసారి కాస్త మనిషిలాగా అనిపించాడు.

అప్పుడు నావైపు తిరిగాడు. "నువ్వు ఇంటి ఆడబిడ్డవి గదమ్మే. నువ్వు తీయొచ్చు. దీపం ఆర్పేస్తా, గబుక్కున తీసెయ్యి. నీకు పుణ్యముంటాది."

"నేను చెట్టులో లేను గదన్నా," అన్నాను.

ఇంతలో కార్లు వచ్చాయి. నాయకుడు దిగి, చేతులు జోడించుకుంటూ వచ్చి, విగ్రహాన్ని చూశాడు. ఒక్క క్షణం తడబడ్డాడేమో నాకు తెలియదు. వాళ్ళు తడబడినా కనపడదు. ముసుగు మీదనే దండ వేశాడు. మైకు తీసుకుని, ఈ తల్లి త్యాగం మరువలేనిదనీ, ఈ తీరంలో ప్రతి ఆడబిడ్డకీ ఈ తల్లి ఆదర్శమనీ, వీరభద్రయ్య అని రాసి ఉన్న పాలరాతి ఫలకం పక్కన నిలబడి, గట్టిగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రమణయ్యన్న కూడా కొట్టాడు. నాయకుడు దిగి పోబోతుంటే అత్త ఆయన చెయ్యి పట్టుకుంది.

"కూడు తిన్నావా నాయనా?"

"తింటానమ్మా, తింటాను," అని గడియారం చూసుకుని, తినకుండానే కారెక్కాడు. ఇంక ఆ బిర్యానీ గిన్నెల మూతలు ఎవరు ఎప్పుడు తీయాలో తేల్చేవాళ్ళు లేకుండా పోయారు. అత్త పోయి తీసింది. తొలి గరిటె తీసుకుపోయి ఎండలో ఉన్న కుర్రవాళ్ళకి పెట్టించింది.

రమణయ్యన్న ఇచ్చిన పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. భాష సర్దలేదు. గాలికి కొట్టుకునే వంటింటి తలుపుకి అడ్డం పెడుతున్నాను, ఆ పనికి బాగా బరువుగా ఉంది. మా జేజి కాలంలో పేరు గురించి ఇంత హడావిడి లేదు. పేరు మనది కాదు, మనల్ని పిలిచినవాళ్ళది అన్నట్టుండేవాళ్ళు. ఆకలేసినవాడు పిలిస్తే వచ్చిన పేరు అది. ఇప్పుడు ఆకలి లేనివాళ్ళు దాన్ని పాలరాతి మీద చెక్కించుకుంటున్నారు.

సాయంత్రం జనం పోయాక, దీపం దానంతట అది కొండెక్కాక, అత్త నన్ను పిలిచింది. చెట్టులో లేనని ఆమెకి చెప్పలేదు. మెట్లెక్కి, ముసుగు తీసి, తుండుగుడ్డ తీసి, మడతలు పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె చీరని చంకలో పెట్టుకుని, దిమ్మెకి ఆనుకుని, మీసాలాయన్ని కిందనుంచి పైదాకా చూసింది. పొద్దుటి దిగులు ఆ మొహంలో లేదు.

"వచ్చే ఏడు గూడా ఈడనే పెడదాం మే," అంది. "చెంగమ్మకి బట్టలు తగిలించుకోను మంచి కొయ్య చేయించినాడు రమణయ్య."